పెద్దవారిలో కటి ఎముక విరిగిందన్న అనుమానం: ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారైలలో ఏది ఎప్పుడు?

డెబ్బై దాటినవారు స్నానాల గదిలోనో గడప దగ్గరో కాలు జారి పడి, గజ్జలోనో నడుము కిందో నొప్పి అంటూ అడుగు వేయలేకపోయినప్పుడు ఆసుపత్రిలో మొదట తీసేది ఎక్స్‌రే. అందులో ఏమీ కనిపించకపోతే, ఎముక విరగలేదు, కండరం పట్టేసింది, పది రోజులు పడుకుంటే సర్దుకుంటుంది అని చెప్పి ఇంటికి పంపడం మన ఊళ్లలో మామూలుగా జరుగుతూనే ఉంటుంది. కటి ఎముకల విషయంలో ఆ మాట చాలాసార్లు తొందరపాటే అవుతుంది. ఎక్స్‌రేకు దొరకని పగులు ఈ వయసులో అరుదేమీ కాదు. అందుకే ఎక్స్‌రే తరువాత సీటీ స్కాన్‌కు వెళ్లాలా, ఎమ్మారైకి వెళ్లాలా, రెండూ అవసరమా, ఏదీ అక్కర్లేదా అన్న నిర్ణయం రోగి కుటుంబం ముందుకు వస్తుంది. ఆ నిర్ణయం యంత్రం ఖరీదును బట్టి కాకుండా, ఇంకా తేలకుండా మిగిలిన ప్రశ్న ఏమిటన్న దాన్ని బట్టి జరగాలన్నది నేను ఇక్కడ చెప్పదలచుకున్న విషయం.

విరిగేది ఎక్కడ, ఎందుకు దొరకదు

కటి భాగం ఒక వలయం. వెనుక వెన్నెముకకు కిందుగా త్రికాస్థి, రెండు పక్కలా వెడల్పాటి ఇలియం ఎముకలు, ముందు గజ్జల మధ్య కలిసే జఘనాస్థులు, పక్కల కింది భాగంలో తొడ ఎముక తల కూర్చునే తుంటి గిన్నెలు కలిసి ఆ వలయం ఏర్పడుతుంది. చేతి గాజు ఒక్కచోటే పగలడం ఎంత కష్టమో, ఈ వలయం కూడా ఒక్కచోటే విరగడం అంత కష్టం. ముందు భాగంలో జఘనాస్థి విరిగిన పెద్దవారికి సీటీ గానీ ఎమ్మారై గానీ తీసి చూస్తే, సగం కంటే ఎక్కువ మందిలో వెనుక త్రికాస్థిలోనో దాని కీలు దగ్గరో కూడా పగులు బయటపడుతోందని చాలా పరిశీలనలు చెబుతున్నాయి.

యువకులకు కటి ఎముక విరగాలంటే రోడ్డు ప్రమాదమో, ఎత్తు నుంచి పడడమో జరగాలి. ఎముకలు గుల్లబారిన పెద్దవారికి, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలకు, నిలుచున్న ఎత్తు నుంచి పడడమే చాలు. ఒక్కోసారి పడకుండానే, బరువు మోయలేక త్రికాస్థి రెక్కలలో, అంటే దాని రెండు పక్కల భాగాలలో, సన్నటి పగుళ్లు వస్తాయి. ఈ రెండో రకాన్ని 1982లో లూరీ అనే వైద్యుడు ప్రత్యేకంగా వర్ణించే దాకా అది ఒక గుర్తించదగిన జబ్బుగా వైద్యుల దృష్టికి పెద్దగా రాలేదు. ఇప్పటికీ దెబ్బ తగిలిన జ్ఞాపకం లేని నడుము నొప్పిని ఎముక పగులుగా అనుమానించేవారు తక్కువ.

ఏ పరీక్ష చేయాలన్నది మంచం దగ్గరే చాలావరకు తేలుతుంది. నొప్పి గజ్జలో ఉందా, పిరుదు వెనుక ఉందా, తొడ పక్కన ఉందా అని అడగాలి. రోగిని పక్కకు తిప్పి, నడుము కింద రెండు గుంటల మధ్య త్రికాస్థి మీద బొటనవేలితో మెల్లగా నొక్కితే ఉలిక్కిపడ్డారా లేదా చూడాలి. పడుకున్న చోట కాలు లోపలికి, బయటికి నిదానంగా తిప్పినప్పుడు గజ్జలో భరించలేని నొప్పి వస్తే తొడ ఎముక మెడ విరిగిందేమోనన్న అనుమానం ముందుకు వస్తుంది. త్రికాస్థి మీద నొక్కినప్పుడు నొప్పి ఉందంటే, ముందు ఎక్స్‌రేలో ఏం కనిపించినా కనిపించకపోయినా, వెనుక భాగాన్ని చూడగలిగే పరీక్ష అవసరమే. ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పలేని మతిమరుపు వ్యాధి ఉన్నవారి విషయంలో ఈ అనుమానం ఇంకా తేలిగ్గా రావాలి. నిన్నటి దాకా నడిచిన మనిషి ఈ రోజు లేవనని మొరాయిస్తున్నారంటే, వారు నోటితో చెప్పలేని నొప్పి అదే కావచ్చు.

ఎక్స్‌రే: మొదటి మెట్టు, చివరి మాట మాత్రం కాదు

ఎక్స్‌రేను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చిన్న ఊరి ఆసుపత్రిలో కూడా దొరుకుతుంది, నిమిషాలలో అయిపోతుంది, కొన్ని వందల రూపాయలతో పని జరుగుతుంది. రేడియేషన్ కూడా స్వల్పం. కటి భాగానికి ఒక ఎక్స్‌రే తీస్తే సుమారు 0.6 మిల్లీసీవర్టులు ఒంటికి చేరుతాయి. భూమి మీద బతికినందుకే ప్రతి మనిషికీ ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతాయన్నది గుర్తుంచుకుంటే ఆ మోతాదు ఎంత తక్కువో అర్థమవుతుంది. జఘనాస్థి కొమ్మలు, తొడ ఎముక మెడ, తుంటి గిన్నె ఎముకలు స్పష్టంగా స్థానం తప్పి విరిగితే ఎక్స్‌రే వెంటనే చెప్పేస్తుంది. ఆ రోగికి తరువాత ఏం చేయాలో కూడా చాలావరకు అదే నిర్ణయిస్తుంది.

చిక్కు త్రికాస్థి దగ్గర వస్తుంది. అది వంగి, వెనక్కి ఒరిగి ఉండే ఎముక. దాని ముందు పేగులు, వాటిలో గాలి, మలం ఉంటాయి. ఎముకలో సున్నం తగ్గినవారిలో దాని నీడే పల్చగా పడుతుంది, ఆ పల్చని నీడ మీద పేగు గాలి నల్లటి మచ్చలు పరుచుకుంటాయి. త్రికాస్థిలో నరాలు బయటికి వచ్చే రంధ్రాల పై అంచులు ఎక్స్‌రేలో సన్నటి విల్లుల్లా రెండు వైపులా సమానంగా కనిపించాలి. శ్రద్ధగా చూసే వైద్యుడు ఆ గీతలు ఎక్కడ తెగాయో, ఎక్కడ మెలిక పడ్డాయో వెతుకుతాడు. కానీ కదలని పగులు ఆ గీతలను తెంపదు. అటువంటి పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవడం వైద్యుడి అశ్రద్ధ కాదు, ఆ పరీక్షకున్న హద్దే అంత.

ఎక్స్‌రేతో రావలసిన ప్రయోజనం పూర్తిగా రావాలంటే అది సరిగా తీయాలి. నొప్పి ఉన్న వైపు మాత్రమే కాకుండా రెండు తుంటులూ ఒకే చిత్రంలో రావాలి. పక్క చిత్రం కోసం విరిగిందేమోనన్న కాలిని కప్పలా మడిచి పక్కకు తెరవకూడదు. కాలు కదపకుండా పక్క నుంచి తీసే పద్ధతి ఉంది, అది అడగాలి. వలయం వెనుక భాగం కోసం ట్యూబును పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి ఏటవాలుగా పెట్టి ఇన్‌లెట్, ఔట్‌లెట్ అనే రెండు చిత్రాలు తీస్తారు. రోగిని కదపనవసరం లేదు కాబట్టి సీటీ దగ్గరలో లేని చోట వీటికి విలువ ఉంది. తుంటి గిన్నె కోసం రోగిని 45 డిగ్రీలు పక్కకు ఒరిగించి తీసే చిత్రాలకు మాత్రం, సీటీ దొరికే చోట ఎనభై ఏళ్ల మనిషిని అంత బాధపెట్టడానికి కారణం నాకు కనిపించదు. నగరాలలో ఇంటికే వచ్చి తీసే ఎక్స్‌రేల విషయానికి వస్తే, ఛాతీకి అవి పనికివస్తాయేమో గానీ, మంచం మీద పరుపు గుంటలో ఒరిగిన కటి భాగానికి తీసిన చిత్రాన్ని నమ్మి విరగలేదని తేల్చడం సరికాదు.

సీటీ స్కాన్: ఎలా విరిగిందో చెప్పే పరీక్ష

ఎముక ఆకారాన్ని, పగులు దారిని, ముక్కలు ఎంత కదిలాయన్నదాన్ని సీటీ అంత స్పష్టంగా చూపే పరీక్ష ఇంకొకటి లేదు. బల్ల మీద పడుకోబెట్టడం, దింపడం కలిపి పది నిమిషాలు పట్టవచ్చు గానీ, అసలు స్కాన్ సెకన్లలో అయిపోతుంది. అందుకే నొప్పితో అల్లాడేవారు, కదలకుండా ఉండలేనివారు, వెల్లకిలా ఎక్కువసేపు పడుకోలేని గూని వెన్ను ఉన్నవారు కూడా దీన్ని తట్టుకోగలరు. జిల్లా కేంద్రాలలోనే కాదు, చాలా పెద్ద పట్టణాలలోనూ రాత్రిపూట కూడా దొరుకుతుంది. కటి భాగానికి సుమారు 6 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది. ముప్పై ఏళ్ల వ్యక్తికైతే ఆ మాట ఆలోచించవలసిందే. డెబ్బై అయిదేళ్ల మనిషి లేవలేక మంచంలో ఉన్నప్పుడు రేడియేషన్ భయంతో సీటీ వాయిదా వేయడం నాకు న్యాయంగా తోచదు. కదలకుండా పడుకున్న ప్రతి రోజూ న్యుమోనియా, కాలి సిరలలో రక్తం గడ్డకట్టడం, పడక పుండ్లు, కండరాలు కరగడం వంటి ముప్పులు ఆ రేడియేషన్ కంటే ఎన్నో రెట్లు దగ్గరలో ఉంటాయి.

పెద్దవారి కటి విరుగుళ్లను ఎలా వర్గీకరించాలో 2013లో జర్మనీకి చెందిన రోమెన్స్, హాఫ్‌మన్ అనే శస్త్రవైద్యులు ఒక పద్ధతి ప్రతిపాదించారు, ఇప్పుడు చాలాచోట్ల దాన్నే అనుసరిస్తున్నారు. ముందు భాగం మాత్రమే విరిగితే మొదటి రకం, వెనుక విరిగినా ముక్కలు కదలకపోతే రెండో రకం, వెనుక ఒక వైపు కదిలితే మూడో రకం, రెండు వైపులా కదిలితే నాలుగో రకం. మొదటి రెండు రకాలకు మొదట నొప్పి మందులు, ఆసరాతో వీలైనంత త్వరగా నడిపించడం సరిపోతాయి. మూడు, నాలుగు రకాలకు సాధారణంగా శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. ఈ విభజన మొత్తం వెనుక భాగం ఎలా ఉందన్నదాని మీద నిలబడింది, వెనుక భాగాన్ని అలా కొలిచి చెప్పగలిగేది సీటీ. కాబట్టి చికిత్స ఎలా అన్న ప్రశ్న మిగిలి ఉన్నప్పుడు సీటీయే తగిన పరీక్ష.

సీటీ కేంద్రాలు 16 స్లైసులు, 128 స్లైసులు అంటూ యంత్రం అంకెలు గొప్పగా చెప్పుకుంటాయి. ఎముక పగులు విషయంలో ఆ అంకె కంటే చిత్రాలు ఎంత సన్నటి పొరలుగా తయారు చేశారు, ఏ ఏ కోణాలలో మళ్లీ కూర్చారు అన్నది ముఖ్యం. ఒక మిల్లీమీటరు మందం ఉన్న పొరలు, ముందు నుంచి వెనక్కి ఒక వరుస, పక్క నుంచి ఒక వరుస ఉండాలి. త్రికాస్థిలో అడ్డంగా, నేలకు సమాంతరంగా పోయే పగులు అడ్డకోత చిత్రాలలో తప్పిపోతుంది, పక్క కోతలో చూస్తేనే ఎముక మధ్యలో మడత పడినట్లు కనిపిస్తుంది. వెన్నెముక బరువును కటి నుంచి విడదీసే అటువంటి పగులు దొరికితే చికిత్స తీరే మారిపోతుంది. స్కాన్ నాలుగో నడుము పూస నుంచి తొడ ఎముకల పై భాగం దాకా రావాలి. అయిదో నడుము పూస పక్క కొమ్ము విరిగి ఉండడం త్రికాస్థి స్థిరంగా లేదేమోననే అనుమానానికి ఒక ఆనవాలు, స్కాన్ కిందికి మొదలైతే అది కనిపించనే కనిపించదు. ఎముక కోసం మాత్రమే తీసే సీటీకి రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించనక్కరలేదు. కాబట్టి క్రియాటినిన్ ఎక్కువ ఉందని, కిడ్నీ సరిగా లేదని ఆ సాదా స్కాన్‌ను ఆపవలసిన పని లేదు.

సీటీకీ ఒక లోటుంది. ఎముక లోపలి మజ్జ నలిగి వాచినా, బయటి గట్టి పొర తెగకపోతే దానికి కనిపించేది తక్కువ. బాగా గుల్లబారిన త్రికాస్థిలో ఆ పగులు ఒక సన్నటి నీడగా కూడా నిలవదు. కాబట్టి నొప్పి, నొక్కితే బాధ స్పష్టంగా ఉండి సీటీ బాగుందని వస్తే, అనుమానాన్ని అక్కడితో కొట్టిపారేయకూడదు.

ఎమ్మారై: అసలు విరిగిందా లేదా అన్న ప్రశ్నకు

పగులు ఉందో లేదో తేల్చడంలో ఎమ్మారైకి సాటి లేదు. దీనికి రేడియేషన్ ఉండదు. ఎముక పగిలిన గంటలలోనే మజ్జలో రక్తం, నీరు చేరుతాయి. కొవ్వు వెలుగును అణచివేసే స్టిర్ అనే వరుస చిత్రాలలో ఆ చోటు నల్లటి ఎముక మధ్య తెల్లగా వెలుగుతుంది. టీ1 అనే మరో వరుసలో, తెల్లగా ఉండవలసిన కొవ్వు మజ్జ మధ్యలో పగులు నల్లటి గీతగా కనిపిస్తుంది. ఈ రెండూ ఒకే చోట కలిస్తే సందేహానికి చోటు ఉండదు. ఎముక విరగకుండా కండరమే తెగిందా, తుంటి పక్కన కండరం అతుకు ఊడిందా, కీలులో నీరు చేరిందా అన్నది కూడా అదే చిత్రంలో తెలుస్తుంది. ఎక్స్‌రే బాగుండి, తుంటి విరిగిందన్న అనుమానం పోనివారికి ఎమ్మారై తీయాలని, అది 24 గంటలలో దొరకకపోయినా, తీయకూడని కారణం ఉన్నా సీటీ గురించి ఆలోచించాలని బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2011లోనే సూచించింది. మన చోట్లకు కూడా ఆ సూచన అచ్చంగా సరిపోతుందని నా అభిప్రాయం. అందులో మొదటి సగం కంటే రెండో సగమే మనవారికి ఎక్కువ అవసరం.

పూర్తి పరీక్షకు ఇరవై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. ఆ ఇరుకు గొట్టంలో, ఆ చప్పుడులో, విరిగిన ఎముకతో అంతసేపు కదలకుండా ఉండడం ఎంత కష్టమో ఆలోచించాలి. అదృష్టవశాత్తు పగులు కోసం అన్ని వరుసలూ అవసరం లేదు. ముందు నుంచి తీసే టీ1, స్టిర్ వరుసలతో పది, పదిహేను నిమిషాలలో ముగించే చిన్న పద్ధతి ఉంది. రోగి ఎక్కువసేపు పడుకోలేరని రేడియాలజిస్టుకు ముందే చెబితే, ఆ రెండింటినీ మొదట తీయించుకోవచ్చు. తరువాత రోగి కదిలిపోయినా అసలు సమాధానం చేతికి వచ్చి ఉంటుంది. పరీక్షకు ముందు నొప్పి మందు వేళకు వేయించడం, మోకాళ్ల కింద దిండు పెట్టించడం వంటి చిన్న పనులే స్కాన్ మధ్యలో ఆగిపోకుండా కాపాడతాయి.

ఇక్కడ మన దగ్గర తరచుగా జరిగే ఒక పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. డెబ్బై ఎనిమిదేళ్ల ఒక పెద్దావిడ రెండు వారాలుగా నడుము కింద నొప్పితో లేవలేకపోతున్నారు. పడిన గుర్తు లేదు. నడుము నొప్పి కదా అని నడుము ఎమ్మారై రాస్తారు. రిపోర్టులో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర డిస్కులు ఉబ్బాయని, నరం కొద్దిగా ఒత్తుకుంటోందని వస్తుంది. ఆ వయసులో ఎవరికి తీసినా ఇంచుమించు అదే వస్తుంది. నొప్పికి కారణం దొరికిందని అందరూ అక్కడితో ఆగిపోతారు. కానీ నడుము ఎమ్మారై ప్రధానంగా పక్క నుంచి, వెన్నుపూసల మధ్యగా కోసిన చిత్రాలతో నడుస్తుంది. అడ్డకోతలు డిస్కుల దగ్గర మాత్రమే తీస్తారు. త్రికాస్థి రెక్కలు ఆ కోతల అంచులకు ఆవల ఉండిపోతాయి, లేదా చివరి ఒకటి రెండు చిత్రాలలో ఎవరి కంటా పడని మూలకు చేరుతాయి. పగులు ఉండేది సరిగ్గా ఆ రెక్కలలోనే. అదే యంత్రం మీద, అదే పూట, రెండు తుంటులూ త్రికాస్థీ కలిసి వచ్చేలా వెడల్పాటి స్టిర్ వరుస ఒకటి అదనంగా తీస్తే, రెండు రెక్కలూ తెల్లగా వెలుగుతూ నొప్పికి అసలు కారణం బయటపడుతుంది. పట్టే సమయం నాలుగైదు నిమిషాలు. పెద్దవారికి నడుము ఎమ్మారై రాయించుకునేటప్పుడు, నొప్పి నడుము పూసల కంటే కిందుగా పిరుదుల మధ్య ఉంటే, ఈ ఒక్క వరుస చేర్చమని వైద్యుడిని అడగడం మరచిపోవద్దు. ఒక వైపు తుంటికి మాత్రమే పరిమితం చేసిన ఎమ్మారైలోనూ ఇదే ప్రమాదం ఉంది.

ఎమ్మారైకి అడ్డంకులు ఉన్నాయి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే అది ఎమ్మారైకి అనుకూలమైన రకమా అన్నది దాని కార్డు చూసి నిర్ధారించాలి. కార్డు పోయిందని యంత్రం గదిలోకి ఊరికే తీసుకువెళ్లకూడదు. మెదడు రక్తనాళాలకు వేసిన పాత క్లిప్పులు, చెవిలో అమర్చిన కొన్ని పరికరాలు, కంటిలో చిక్కుకున్న లోహపు రవ్వలు కూడా ముందే చెప్పవలసినవే. తుంటి మార్పిడి చేయించుకున్నవారికి, తొడలో రాడ్డు ఉన్నవారికి ఎమ్మారై తీయకూడదన్న అపోహ మనవారిలో బలంగా ఉంది. సాధారణంగా తీయవచ్చు, కాకపోతే లోహం చుట్టూ చిత్రం చెదురుతుంది. త్రికాస్థి ఆ లోహానికి దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడి పగులు చాలావరకు కనిపిస్తుంది. టైటానియం కంటే స్టీలు ఎక్కువ చెదరగొడుతుంది. ఆ లోహాన్ని అంటుకునే ఎముక పగిలిందన్న అనుమానమైతే సీటీయే మేలు.

మిగిలిన పరీక్షలు

టెక్నీషియం మందు ఎక్కించి మూడు గంటల తరువాత తీసే బోన్ స్కాన్‌లో త్రికాస్థి రెండు రెక్కలూ, వాటిని కలిపే అడ్డపగులూ వెలిగి ఇంగ్లీషు హెచ్ అక్షరంలా కనిపిస్తాయి. ఆ ఆకారం చూస్తే అనుమానం చాలావరకు తీరుతుంది. కానీ పెద్దవారిలో దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు అది ఏమీ చూపకపోవచ్చు. వెలిగిన ప్రతి చోటూ పగులే కావాలనీ లేదు, కీళ్లవాతం కూడా వెలుగుతుంది. ఎమ్మారై అసలు కుదరనివారికి ఇది ఇప్పటికీ ఒక దారి. రెండు రకాల ఎక్స్‌రే శక్తులతో తీసే డ్యూయల్ ఎనర్జీ సీటీ, ఎముకలోని సున్నాన్ని లెక్కగట్టి తీసేసి, మజ్జలో చేరిన నీటిని రంగులో చూపగలుగుతుంది. పెద్ద నగరాలలో కొన్ని ఆసుపత్రులలో ఆ యంత్రాలు ఉన్నాయి. పేస్‌మేకర్ ఉన్న రోగికి అది నిజంగా వరం. అల్ట్రాసౌండ్‌కు ఈ పగుళ్లను వెతకడంలో చోటు లేదు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్షను పగులు కనిపెట్టేదిగా పొరపడేవారు ఉన్నారు. దాని పని వేరు, అది తరువాత వస్తుంది.

ఏ పరిస్థితిలో ఏది

ఎక్స్‌రేలో ఏ పగులూ కనిపించలేదు, కానీ మనిషి బరువు ఆనించలేకపోతున్నారు: ఈ పరిస్థితిలో, ఒక్క రోజులో దొరికేటట్లయితే ఎమ్మారై మొదటి ఎంపిక. చిత్రంలో రెండు తుంటులూ త్రికాస్థీ రావాలని చెప్పి తీయించాలి. ఎమ్మారై కోసం మూడు రోజులు ఎదురు చూడవలసి వస్తే, లేదా వంద కిలోమీటర్లు అంబులెన్సులో ప్రయాణం చేయించవలసి వస్తే, ఆ పూటే దగ్గరలో దొరికే సీటీ తీయించడం మంచిది. తొడ ఎముక మెడ విరిగితే శస్త్రచికిత్స ఎంత త్వరగా జరిగితే అంత మేలు కాబట్టి, ఉత్తమమైన పరీక్ష కోసం వేచి చూడడం కంటే చేతికందే మంచి పరీక్ష విలువైనది. సీటీలో ఏమీ దొరకక నొప్పి తగ్గకపోతే, అప్పుడు ఎమ్మారైకి వెళ్లవచ్చు.

ముందు జఘనాస్థి విరిగినట్లు ఎక్స్‌రేలోనే తెలిసి, వెనుక కూడా నొప్పి ఉంటే సీటీ తీయించడం సబబు. ఇక్కడ విరిగిందా అన్న ప్రశ్న తీరిపోయింది, ఎంత స్థిరంగా ఉంది అన్నదే మిగిలింది. వెనుక నొప్పి లేకుండా, ఆసరాతో నడవగలుగుతున్నవారికి మాత్రం వెంటనే ఇంకే స్కానూ చేయకుండా, నడిపిస్తూ వారం తరువాత మళ్లీ చూడడంలో తప్పు లేదు. ఆ వారంలో నొప్పి పెరిగినా, నడక మానేసినా సీటీ తప్పదు. కదలని పగుళ్లు కొన్ని మెల్లగా కదిలే రకాలుగా మారుతాయి.

పడకుండానే వచ్చిన, వారాల తరబడి సాగుతున్న నడుము కింది నొప్పికి ఎమ్మారై సరైనది. కాన్సర్ చరిత్ర ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు కటి భాగానికి రేడియేషన్ చికిత్స తీసుకున్న స్త్రీలు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ చికిత్స వల్ల బలహీనపడిన త్రికాస్థి సంవత్సరాల తరువాత పగిలితే, బోన్ స్కాన్‌లో వెలిగిన ఆ చోటును చూసి కాన్సర్ ఎముకకు పాకిందని భయపడతారు. ఎమ్మారైలో పగులు గీత, దాని ఆకారం, రెండు వైపులా ఒకే తీరు, చుట్టూ గడ్డ లేకపోవడం చూసి అది కాన్సర్ కాదని చాలాసార్లు చెప్పగలరు. అవసరం లేని బయాప్సీ నుంచి, అంతకంటే మించి అవసరం లేని గుండెకోత నుంచి ఆ కుటుంబాన్ని కాపాడగల పరీక్ష అది. సందేహం మిగిలితే పగులు గీత వెతకడానికి సీటీ కూడా జత చేస్తారు.

రక్తస్రావం అన్నింటికంటే వేరైన పరిస్థితి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫారిన్, ఎసిట్రోమ్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతున్నవారికి, చిన్న జఘనాస్థి పగులు కూడా పక్కనున్న రక్తనాళాన్ని చీల్చి కడుపు కింద రక్తం చేర్చగలదు. ఆసుపత్రికి వచ్చినప్పుడు బాగానే ఉండి, కొన్ని గంటల తరువాత బీపీ పడిపోవడం, నాడి వేగం పెరగడం, పొత్తికడుపు ఉబ్బడం, హిమోగ్లోబిన్ తగ్గడం కనిపిస్తే, ఆలస్యం లేకుండా కాంట్రాస్ట్ ఎక్కించి రక్తనాళాలను చూపే సీటీ ఆంజియో తీయాలి. అక్కడ కిడ్నీల గురించిన జంకు రెండో స్థానంలోకి వెళుతుంది. అందుకే ఈ మందులు వాడుతున్న సంగతి పడిన క్షణం నుంచే వైద్యుడికి తెలియాలి. మందుల చీటీ వెంట తీసుకువెళ్లాలి, కానీ సొంతంగా ఆపేయకూడదు. మూత్రం ఆగిపోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, మలద్వారం చుట్టూ తిమ్మిరి వంటి నరాల లక్షణాలు కూడా అదే అత్యవసర కోవలోకి వస్తాయి.

ఖర్చు, రిపోర్టు, ఆ తరువాత

సీటీకి కొన్ని వేల రూపాయలు, ఎమ్మారైకి సాధారణంగా అంతకంటే ఎక్కువ అవుతుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్నాయి. అయితే ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం ఏర్పడినవి. బయటి కేంద్రంలో ఓపీ మీద తీయించుకున్న స్కాన్ ఖర్చు చాలావరకు సొంతంగానే పెట్టుకోవలసి వస్తుంది. కాబట్టి అడుగు వేయలేని స్థితిలో ఉన్న పెద్దవారికి స్కాన్ తీయించే ముందే ఆసుపత్రిలో ఈ పథకాల సంగతి చూసే ఆరోగ్యమిత్రను కలిసి అడగడం తెలివైన పని. డబ్బు ఒక్క స్కాన్‌కే సరిపోతుందనుకుంటే, పై పరిస్థితులలో మీది ఏదో వైద్యుడితో తేల్చుకుని ఆ ఒక్కదాన్నే సరిగా తీయించండి. స్కాన్ మానేసి నాటు కట్టుకు వెళ్లడం మాత్రం ఈ ఎముకల విషయంలో ఆపద. చేతికీ కాలికీ కట్టినట్లు కటి వలయానికి కట్టు కట్టడం ఎవరికీ సాధ్యం కాదు, ఆ పేరుతో మర్దన చేస్తే కదలని పగులు కూడా కదిలిపోవచ్చు.

స్కాన్ చీటీ మీద "తుంటి నొప్పి" అని మాత్రమే రాసి ఉంటే రేడియాలజిస్టు తుంటిని చూసి ఊరుకుంటారు. పడిన తేదీ, నొప్పి ఉన్న చోటు, నొక్కితే ఎక్కడ బాధ, పాత కాన్సర్, రేడియేషన్ చికిత్స, స్టెరాయిడ్ మందుల వాడకం అందులో రాయించాలి. రిపోర్టు వచ్చాక నాలుగు సంగతులు వెతకాలి: త్రికాస్థి ప్రస్తావన ఉందా, పగులు ఒక వైపా రెండు వైపులా, ముక్కలు కదిలాయా, రెండు తొడ ఎముక మెడలూ బాగున్నాయా. త్రికాస్థి గురించి ఒక్క మాటా లేని రిపోర్టును అది బాగుందని అర్థం చేసుకోకూడదు, రేడియాలజిస్టుకు ఫోన్ చేసి అడగవచ్చు. సీడీ గానీ, చిత్రాల లింకు గానీ తప్పక తీసుకోవాలి. ఫిల్ము మీద అచ్చు వేసిన కొద్ది చిత్రాలతో శస్త్రవైద్యుడు స్క్రూ దారిని నిర్ణయించలేరు. పిల్లలు అమెరికాలోనో దుబాయిలోనో ఉండి ఇక్కడి తల్లిదండ్రుల గురించి రెండో అభిప్రాయం కోరే కుటుంబాలకు ఆ సీడీ మరింత అవసరం. రిపోర్టు కాగితం ఫోటో పంపితే ఎవరూ కచ్చితంగా ఏమీ చెప్పలేరు.

పగులు తేలాక మళ్లీ మళ్లీ ఎమ్మారై తీయించనక్కరలేదు. మజ్జలోని వాపు నొప్పి తగ్గాక కూడా నెలల తరబడి చిత్రంలో మిగిలి ఉంటుంది, దాన్ని చూసి మానలేదని బెంగపడడం అనవసరం. మానుతోందా లేదా అన్నదానికి నడకే మంచి కొలత. నొప్పి తగ్గనివారికి, కొత్తగా పెరిగినవారికి సీటీ మళ్లీ తీసి ముక్కలు కదిలాయేమో చూస్తారు. నిలుచున్న ఎత్తు నుంచి పడి కటి ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారాయన్నది దాదాపు తేలిపోయినట్లే. రోగి లేచి తిరగడం మొదలుపెట్టాక డెక్సా తీయించి, ఎముక సాంద్రతను యువకుల సాంద్రతతో పోల్చి చెప్పే టీ స్కోరు మైనస్ 2.5గానో అంతకంటే తక్కువగానో వస్తుందేమో చూసి, విటమిన్ డి, కాల్షియం, ఎముకలను గట్టిపరచే మందుల గురించి అదే వైద్యుడితో మాట్లాడాలి. డెక్సా దొరకని ఊళ్లలో ఆ పరీక్ష కోసం మందులు ఆపి ఉంచవలసిన అవసరం లేదు, విరిగిన ఎముకను చూసే వైద్యుడు చికిత్స మొదలుపెట్టవచ్చు.